మా సార్ పథ్యం

సార్ పోయారన్న కబురు వచ్చినప్పుడు నా చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి. అమెరికాలో ఎవరో డాక్టరు, ఒక ముసలావిడ తుంటి మీది పుండు గురించి చెబుతున్నాడు. దాని పొడవు, వెడల్పు, అంచుల రంగు. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి వచ్చి నా భుజం తట్టి ఏదో అంది. పెదాలు కదలడం కనిపించింది కానీ మాట వినపడలేదు. ఒక చెవి మీద నుంచి హెడ్‌ఫోను తీశాను.

"అక్కా, సార్ ఇగ లేరంట. పొద్దుగాల్నే పోయిన్రంట. వాళ్ల ఇంటి ఓనర్ ఫోన్ చేసిండు" అంది.

"సరే" అన్నాను. సరే అని ఎందుకన్నానో నాకు తెలియదు. హెడ్‌ఫోను మళ్లీ పెట్టుకుని, కాలి కింది పెడల్ నొక్కి, ఆగిన చోట నుంచి మొదలుపెట్టాను. ఆ ముసలావిడకి సి విటమిన్, జింకు రోజూ ఇవ్వమని డాక్టరు చెప్పాడు. టైపు చేశాను. ఆ ఫైలు అయిపోయాక ఇంకొకటి తెరిచాను. ఆ రోజు నా పనిలో ఒక్క తప్పు కూడా లేదని సాయంత్రం మా సూపర్‌వైజరు మెచ్చుకున్నాడు. అతని మొహం మీద ఏదైనా విసిరి కొట్టాలనిపించింది. అంతకు మించి ఏమీ అనిపించలేదు.

ఇది జరిగి నెల దాటింది. నాకు ఇంకా ఏడుపు రాలేదు. లోపల ఎక్కడో తిమ్మిరి పట్టినట్టుంది. రాయడానికి కూర్చుంటేనైనా వస్తుందేమోనని రాస్తున్నాను. రాకపోయినా ఫరవాలేదు, ఆయన గురించి మీకు నాలుగు మాటలు చెప్పినట్టవుతుంది.

మా పని మీలో చాలామందికి కొత్తగా ఉండవచ్చు. అక్కడి డాక్టర్లు రోగులను చూసి, చూసినదంతా గడగడా రికార్డు చేసి పడుకుంటారు. వాళ్లకు రాత్రి అయితే మాకు పగలు. ఆ మాటలు విని, టైపు చేసి, వాళ్లు నిద్ర లేచేలోపు పంపించాలి. హైటెక్ సిటీ పేరు చెప్పి ఈ మధ్య ఇటువంటి ఆఫీసులు చాలా వెలిశాయి. మాది రాయదుర్గం వైపు, బండరాళ్ల మధ్య కొత్తగా లేచిన మూడంతస్తుల మేడ. దగ్గర్లో రాయి పేలిస్తే కిటికీ అద్దాలు గలగలమనేవి. చేరినవాళ్లమంతా డిగ్రీ చదివి, ఇంగ్లీషు కాస్త వచ్చి, రోగాల పేర్లు ఒక్కటీ రానివాళ్లం. మాకు పాఠం చెప్పడానికి కంపెనీవాళ్లు సార్‌ను పెట్టారు.

ఆయనది గుంటూరు వైపు. మెడికల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఆయనా, ఆయన్ని పెంచిన అక్కా, ఇద్దరే చందానగర్‌లో అద్దెకుండేవారు. ఊరికే కూర్చుంటే అక్క తనకి ఇంకా అన్నం కలిపి పెడుతోందని, అందుకే ఉద్యోగంలో చేరానని మాతో అనేవారు. టక్ చేసిన చొక్కా, తాళ్లు బిగించి కట్టిన నల్ల బూట్లు, వానాకాలం కాకపోయినా గొడుగు. తోలు సంచీలో ఏముందో అని మేము పందేలు వేసుకునేవాళ్లం. పుస్తకాల కంటే కూరగాయలే ఎక్కువ ఉండేవి.

మొదటి రోజే చెప్పారు. "మీకు వినపడేది వట్టి గొంతు కాదమ్మా. అక్కడ ఎవరికో నొప్పిగా ఉంది. తొందరపడి టైపు చెయ్యకండి." మా వెనక బెంచీ పిల్లలు ముసిముసిగా నవ్వారు. నేనూ నవ్వాను. మాకు స్పీడు మీదే జీతం పెరిగేది మరి. ఇప్పుడు మాత్రం ఎంత హడావిడిలో ఉన్నా రోగి వయసు చెప్పేచోట నా వేళ్లు కాస్త ఆగుతాయి.

గాయాల పాఠం రోజున సంచీలోంచి వంకాయ తీశారు. చిన్న చాకుతో నిలువునా కోసి, ఒక చెక్క మీద నిమ్మరసం పిండి, రెండో చెక్కను అలాగే వదిలేసి పాఠం మొదలుపెట్టారు. గంట గడిచేసరికి వదిలేసిన చెక్క గోధుమ రంగుకు తిరిగింది. నిమ్మకాయ పిండినది తెల్లగా ఉంది.

"మీ ఇళ్లల్లో రోజూ చూసేదే ఇది" అన్నారు. "కోసిన వంకాయ గాలికి నల్లబడుతుంది. దాన్నే ఆక్సిడేషన్ అంటాం. మన ఒంటికి గాయమైతే లోపల జరిగేదీ ఇలాంటిదే, కాకపోతే ఒళ్లు వంకాయ కంటే తెలివైంది. గాయంలోకి క్రిములొస్తే తెల్లకణాలు పరిగెత్తుకొచ్చి, ఆక్సిజన్‌నే నిప్పు చేసి వాటిని కాల్చేస్తాయి. అది మంచి నిప్పే. అది లేకపోతే బతకం. కానీ క్రిములు చచ్చాక కూడా ఆరకపోతే ఇల్లే అంటుకుంటుంది. కొత్తగా పుట్టే చర్మాన్ని కూడా కాల్చేస్తుంది. యాంటీఆక్సిడెంట్లంటే ఎవరో కాదు, ఆ నిప్పు పక్కన నీళ్ల బిందె పట్టుకుని నిలబడ్డవాళ్లు. సి విటమిన్ అందులో ఒకటి. దానికి ఇంకో పని కూడా ఉంది, కొత్త కండని పోగులు పోగులుగా పేని గట్టిగా కట్టేది అదే."

నేను ఊరుకోలేదు. మాది శేరిలింగంపల్లి, మా ఇంట్లో మాట మనసులో పెట్టుకునే అలవాటు ఎవరికీ లేదు. "సార్, మా అమ్మ పుండైతె పులుపు ముట్టనియ్యదు. పప్పు గూడ పెట్టదు. చీము పడ్తదంటది. మీరేమో నిమ్మకాయ పిండుతున్నరు" అన్నాను.

క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వారు. "మీ అమ్మ ఒక్కతేనా తల్లీ, సగం దేశం అంతే" అన్నారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. వంకాయ చెక్కలు రెండూ కాగితంలో చుట్టి మళ్లీ సంచీలో వేసుకున్నారు. అక్కకి ఇస్తే కూరలోకి పనికొస్తుందట.

ఆ తర్వాత వానాకాలంలో మా ఆఫీసు ముందు కొత్త రోడ్డు వేయడం మొదలుపెట్టారు. కంకర పోసి, రోలరు తిప్పి, తారు పోయకుండా వదిలేశారు. బస్సు దిగి ఆ కంకర మీదే అందరం నడిచి రావాలి. సార్‌కి చాలా ఏళ్ల నుంచి షుగరు. పాదాలలో స్పర్శ ఎప్పుడో పోయింది, అది మాకు తెలియదు. ఒక సాయంత్రం క్లాసు అయ్యాక కింద పడ్డ నా పెన్ను తీసుకోవడానికి వంగితే, ఆయన బూటు అంచున మేజోడు ఎర్రగా తడిసి కనిపించింది.

"సార్, మీ కాలుకు నెత్తురు!" అని అరిచాను.

ఆయన కిందికి చూసుకున్నారు, పక్కవాళ్ల కాలు చూసినట్టు. "అలాగా" అన్నారు. బూటు విప్పితే గులకరాయంత కంకర ముక్క నేల మీద పడింది. పొద్దున్న ఎక్కిందో ఏమో, రోజంతా దాని మీదే నిలబడి పాఠం చెప్పారు. ఆ రాయిని వేళ్ల మధ్య పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "పొద్దుట్నుంచీ లోపలే ఉండి నాతో ఒక్క మాట చెప్పలేదు చూశావా" అన్నారు. ఆటో పిలిచి దవాఖానకు తీసుకుపోయాం. వేళ్ల మొదళ్లకు కొంచెం కింద, అరికాలిలో లోతుగా దిగింది పుండు. డాక్టరు కట్టు కట్టి, రోజు విడిచి రోజు రమ్మన్నాడు.

అక్కడి నుంచి ఆయన మధ్యాహ్న భోజనం మారిపోయింది. మేము డబ్బా అంటాం, ఆయన క్యారేజీ అంటారు. పైగిన్నెలో అన్నం, కిందిగిన్నెలో చింతపండు వేయకుండా కొట్టిన కరివేపాకు పొడి, నెయ్యి. ఒక్కో రోజు బీరకాయ కూర. పప్పు లేదు, పెరుగు లేదు, పులుపు వాసన లేదు. మేము చూస్తుండగానే ఆ పొడి అన్నం తిని చేయి కడుక్కునేవారు. నిమ్మకాయ పాఠం చెప్పిన మనిషి ఇలా తింటే నాకు ఒళ్లు మండింది.

"ఏంది సార్, గిట్ల తింటె పుండెట్ల మానుతది? మీరే గద చెప్పింది!"

"అక్క పథ్యం పెట్టిందమ్మా" అన్నారు, ఏదో చినుకులు పడుతున్నాయని చెప్పినట్టు. తర్వాత నా డబ్బా వైపు చూశారు. "అది మామిడికాయ పప్పేనా?"

సగం పప్పు ఆయన గిన్నెలో వేశాను. గిన్నె అంచులు కూడా వేలితో తుడుచుకుని తిన్నారు. మరునాటి నుంచి మా అమ్మతో ఎక్కువ చేయించాను. "ఏందే, గింత పప్పు పట్కపోతున్నవ్? అది కడుపా, చెరువా?" అని అమ్మ రోజూ సతాయించేది. కానీ ఒక చిక్కు వచ్చింది. సార్ నా పప్పు తింటే ఆ పొడి అన్నం మిగిలిపోతుంది. క్యారేజీ ఖాళీగా ఇంటికి రాకపోతే అక్క బెంగపడుతుంది. పారేయడానికి ఆయన ఒప్పుకోరు. చివరికి ఏం చేస్తాం, ఆ పథ్యం నేను తినడం మొదలుపెట్టాను. గాయం ఆయనది, పథ్యం నాది. ఆఫీసులో అందరూ ఇద్దరినీ చూసి నవ్వేవాళ్లు. ఆ పెద్దావిడ చేతి పొడి మాత్రం చాలా బాగుండేది. అది కూడా ఇక్కడ చెప్పాలి.

టమాట తొక్కు, ఆయన గోంగూర అనే మా పుంటికూర పప్పు, ఏది తెచ్చినా తినేవారు. ఒకసారి పచ్చిపులుసు తెస్తే, "చింతపండులో సి విటమిన్ ఏమంత ఉండదమ్మా. అయినా పొయ్యి" అన్నారు. బస్టాపు దగ్గర బండి మీద జామకాయ కొనుక్కునేవారు. ఉసిరికాయలు వచ్చే కాలంలో జేబులో రెండు ఉండేవి. పుల్లగా కొరికి కళ్లు మూసుకునేవారు.

అప్పుడే మా ఆఫీసులో ఒకతను యాంటీఆక్సిడెంట్ గోళీలు అమ్మడం మొదలుపెట్టాడు. మెరిసే సీసాలు, రంగురంగుల కాగితాలు. ఒకటి తెచ్చి సార్ ముందు పెట్టి, రోజుకు ఎన్ని మింగితే అంత త్వరగా పుండు మానుతుందని ఊదరగొట్టాడు. సార్ సీసా మీద అక్షరాలన్నీ ఓపిగ్గా చదివారు. "బాబూ, తక్కువైనవాడికి ఇస్తే మేలే చేస్తుంది. కానీ నిప్పు మొత్తం ఆర్పేస్తే క్రిముల్ని ఎవరు చంపుతారు? నువ్వొచ్చి చంపుతావా?" అన్నారు. అతను కూడా నవ్వేశాడు. ఒకరి మాట కొట్టేసేటప్పుడు కూడా వాళ్లను చిన్నబుచ్చడం ఆయనకి తెలియదు. నాకు ఆ విద్య రాలేదు.

అయితే నాకు ఒకటే పరేషాన్. ఇంత చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఒక్క మాట చెప్పుకోలేడా? ఒక మధ్యాహ్నం వాన గట్టిగా పడి కరెంటు పోయింది. కంప్యూటర్లన్నీ ఆగిపోయాయి. మేమిద్దరం వరండాలో టీ తాగుతున్నాం. ఉండబట్టలేక అడిగేశాను.

"మీ అక్కకు మీరే సముదాయించి చెప్పొచ్చు గద సార్. ఎన్ని దినాలు గిట్ల దొంగతనంగ తింటరు?"

ఆయన గ్లాసు పట్టుకుని వాన వైపు తిరిగారు. తర్వాత చెప్పారు.

అక్కకి ఇంకో తమ్ముడు ఉండేవాడట, సార్ పుట్టక ముందు. అక్కకి అప్పటికి పదేళ్లు కూడా లేవు. ఆ పిల్లవాడికి ఆడుకుంటుంటే కాలిలో తుప్పు మేకు దిగింది. తల్లి ఒంట్లో బాగాలేక మంచం మీద ఉంది. పిల్లవాడికి పులుపు, పప్పు పెట్టొద్దని అక్కకి గట్టిగా చెప్పి కాపలా పెట్టింది. వాడు మామిడికాయ పప్పు కావాలని ఏడ్చాడు. వాడి ఏడుపు చూడలేక అక్క వంటింటి వెనక కూర్చోబెట్టి నాలుగు ముద్దలు తినిపించింది. కొన్నాళ్లకే వాడికి దవడలు బిగుసుకుపోయి, ఒళ్లు విల్లులా వంగి, పోయాడు.

"ధనుర్వాతం" అన్నారు సార్. "మేకుతో వచ్చింది. పప్పుకీ దానికీ సంబంధమే లేదు. కానీ శవం ఇంట్లో ఉండగానే ఎవరో పెద్దలు అన్నారట, పులుపు పెట్టి చంపావే అని. అంతే. ఇన్నేళ్లయినా ఆ మాట అక్క లోపల అలాగే ఉంది. ఆ తర్వాత నేను పుట్టాను. అమ్మ ఇక మంచం మీంచి లేవలేదు. అక్కే పెంచింది. నా మోకాలు ఎప్పుడు గీసుకున్నా ఇంట్లో చింతపండు డబ్బా మాయమయ్యేది."

"మీరు చెప్పలేదా?"

"చెప్పకేం? బయోకెమిస్ట్రీ చదివిన మొదటి ఏడాదే చెప్పాను. పాఠంలా చెప్పాను, బొమ్మ గీసి చెప్పాను. వింటుంది. విని, 'నన్ను ఓదార్చడానికి చెబుతున్నావురా' అంటుంది. తమ్ముడి మాట కదా, సాక్ష్యం కింద చెల్లదు." టీ గ్లాసు అడుగున మిగిలిన చుక్క వానలోకి విదిలించారు. "అందుకే ఈసారి మాటలు కట్టిపెట్టాను. ఈ పుండు మానాలి. పూర్తిగా మూసుకుపోయాక అక్క ముందు కాలు పెట్టి చెప్తాను. ఇదిగో, రోజూ పులుపు తిన్నాను, రోజూ పప్పు తిన్నాను, చూడు ఎలా మానిందో అని. కళ్లు సరిగా ఆనకపోయినా చేత్తో తడిమి చూసుకుంటుంది. అప్పుడు నమ్మక తప్పదు."

ఇదండీ సంగతి. మేమంతా ఆయన కాలు గురించి ఫికరు పడుతుంటే ఆయన పందెం ఇంకేదో. ఆ రోజు నుంచి నాకు ఆ పుండు మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టింది. కట్టు మార్చుకుని వచ్చిన ప్రతిసారీ మొహం చూసేదాన్ని. ఒకరోజు నడవలో పక్కకు పిలిచి, "దానిమ్మ గింజల్లా ఎర్రటి కండ లేస్తోందమ్మా. అంచుల నుంచి చర్మం లోపలికి జరుగుతోంది. చలి ముదిరేలోపు మూసుకుపోతుంది" అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో ఉన్న సంతోషం నేను ఇంకెవరి మొహంలోనూ చూడలేదు. ఆ సంతోషంలో నా వంతు పప్పు కూడా ఉందని కొంచెం గర్వపడ్డాను.

తర్వాత జరిగింది త్వరగా జరిగిపోయింది. ఒక సోమవారం ఆయన రాలేదు. జ్వరం అన్నారు. పైకి మూసుకుంటున్న పుండు కింద, ఎముక దగ్గర, చీము చేరింది. దవాఖానలో చేర్చి కాలి వేళ్లు రెండు తీసేశారు. నేను వెళ్లేసరికి దుప్పటి కింద కాలు ఎత్తుగా పెట్టి పడుకుని ఉన్నారు. మొహం వాడిపోయింది కానీ మాట స్పష్టంగానే ఉంది.

"నెత్తురు అక్కడిదాకా పోవట్లేదమ్మా" అన్నారు. "షుగరు దారులన్నీ మూసేసింది. ఎంత మంచి సరుకు కొన్నా బండి పోయే రోడ్డు లేకపోతే ఏం లాభం? మీ పప్పు తప్పేం లేదు."

"మానుతది సార్, మీరు ఫికర్ చెయ్యకండి" అన్నాను. అనవలసింది అదే కాబట్టి అన్నాను.

"అక్కకి చెప్పొద్దు" అన్నారు. "ఇప్పుడు తెలిస్తే..." అంటూ ఆగిపోయారు. ఆ వాక్యం పూర్తి చేయనక్కర్లేదు, నాకు అర్థమైంది. మానిన కాలు చూపించి చెప్పవలసిన మాట అది. ఇప్పుడు చెబితే ఆవిడ పులుపు తిని ఇద్దరు తమ్ముళ్లు పోయారని లెక్క కట్టుకుంటుంది. నేను తల ఊపాను. బయటికి వస్తుంటే, "స్పెల్లింగులు చూసుకుంటూ ఉండమ్మా" అన్నారు. నాతో ఆయన అన్న చివరి మాట అదే. గొప్ప మాటేదైనా అని ఉంటే బాగుండేదని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. ఆయన అలాంటి మనిషి కాదు.

ఇంతవరకు రాసిందీ, ఇక రాయబోయేదీ సార్ వాళ్ల అక్క చెవిన పడకూడదు. ఆవిడ కళ్లకు శుక్లాలు, తనంతట తాను చదవలేదు. చందానగర్‌లో ఉండేవాళ్లెవరైనా ఇది చదివితే, ఆవిడకి తెలిసినవాళ్లయితే, దయచేసి ఊరుకోండి.

పెద్దకర్మ అయిపోయి చుట్టాలంతా వెళ్లిపోయాక ఒక ఆదివారం పొద్దున్న వాళ్లింటికి వెళ్లాను. ముందే పోవలసింది. పోలేదు. ముంబయి రోడ్డు మీద బస్సు దిగి, మార్కెట్టు వెనక సందులో, మేడ మీద రెండు గదులు. తలుపు తీసే ఉంది. ఆవిడ చాప మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను అనుకున్న దానికంటే చిన్న మనిషి. పేరు చెప్పాను.

"నువ్వేనా, వాడి పక్కన కూర్చుని భోంచేసేదానివి?" అంది. "రా, దగ్గరికి రా అమ్మాయీ. నీ గురించి చెప్పేవాడు. నోరు మంచిదే కానీ ఊరుకోదని."

వెళ్లి పక్కన కూర్చున్నాను. ఏమైనా తిన్నావా అని అడిగింది. తిన్నానన్నాను. మా అమ్మానాన్నల గురించి అడిగింది. నేను జవాబులు చెబుతున్నాను కానీ అవి నా నోట్లోంచి వస్తున్నట్టు లేదు. రోడ్డు మీద లారీలు పోతుంటే కిటికీ ఊచలు సన్నగా అదురుతున్నాయి. ఆవిడ చేత్తో వెతికి నా మణికట్టు పట్టుకుంది.

"ఒక్కటి అడుగుతాను. నా దగ్గర దాచకుండా చెప్పు తల్లీ. వాడు ఆఫీసులో పులుపేమైనా తిన్నాడా?"

నాకు భయం వేసింది. అన్ని రోజుల్లో నాకు ఏదైనా అనిపించిందంటే అప్పుడే.

"చిన్నప్పటి నుంచీ వాడికి నాలుక ఆగదు" అంది ఆవిడ. "నేను ఇక్కడ పథ్యం పెట్టి పంపితే, అక్కడ ఎవరి దగ్గరన్నా అడుక్కుని తిన్నాడేమో. కోప్పడనులే. ఎవరినీ ఏమీ అనను. నాకు తెలియాలి, అంతే."

"లేదు పెద్దమ్మా" అన్నాను. "మీరు పంపిందే తిన్నరు. వేరేది ముట్టలే."

"మామిడికాయ గానీ, ఉసిరికాయ గానీ?"

"ముట్టలే."

"పప్పు?"

"మీ కర్వేపాకు పొడి, నెయ్యి. రోజూ అదే. డబ్బ ఖాళీ అయ్యేది గద, మీరు చూసిన్రు గద పెద్దమ్మా."

"అయ్యేది" అంది. "శుభ్రంగా తుడిచినట్టు వచ్చేది."

నా చెయ్యి వదల్లేదు. వేళ్లు ఎండు పుల్లల్లా ఉన్నాయి కానీ పట్టు గట్టిగా ఉంది. నేను లేవాలో కూర్చోవాలో తెలియక అలాగే ఉన్నాను.

"ఇంత కట్టుగా పథ్యం ఉన్నా పోయాడే" అంది చివరికి. మళ్లీ, "పులుపు ముట్టకపోయినా పోయాడు" అంది. రెండోసారి అన్నప్పుడు గొంతు వేరేగా ఉంది. ఆ మాటను తనే మొదటిసారి వింటున్నట్టు ఆగి, తల కొంచెం పక్కకు వంచింది.

"అయితే అప్పుడు కూడా..." అంది.

నేను ఇంకాస్త దగ్గరికి జరిగాను.

"అప్పుడు కూడా పులుపు వల్ల కాదేమోనే అమ్మాయీ."

"కాదు పెద్దమ్మా" అన్నాను. ఈసారి నేను చెప్పింది నిజం.

ఆవిడ నా మణికట్టు వదిలింది. మొహం కిటికీ వైపు తిప్పింది, అక్కడ వెలుతురు తప్ప ఆవిడకి కనిపించేది ఏమీ లేదు. పెదాలు ఒకసారి కదిలి ఆగాయి. తర్వాత ఒక పేరు పలికింది. సార్‌ది కాదు. సార్ నాకు ఎన్నడూ చెప్పని పేరు, బహుశా ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా ఎవరూ పలకని పేరు. వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ని అన్నానికి పిలిచినట్టు, గొంతు కొద్దిగా పెంచి, ఇంకోసారి పిలిచింది.